ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్

ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ (1857, డిసెంబర్ 16 - 1923, ఫిబ్రవరి 6) అమెరికాకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త, రాత్రి ఆకాశపు ఛాయాచిత్రకళకు ఆద్యులలో ఒకడు. బృహస్పతి ఐదవ ఉపగ్రహమైన అమాల్థియాను 1892లో కనుగొన్నది ఇతడే. ఆకాశంలో అత్యంత వేగంగా స్థానం మార్చుకునే నక్షత్రానికి ఇతని పేరే పెట్టారు. అయితే ఖగోళ శాస్త్రానికి బర్నార్డ్ చేసిన అన్నిటికంటే పెద్ద మేలు పాలపుంత చిత్రాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద దూరదర్శినులు అందుబాటులో ఉన్నచోట పనిచేస్తూ కూడా, ఆ చిత్రాలకోసం ఇతడు ఎంచుకొన్నది మనుషుల ముఖాలు తీయడానికి తయారైన ఒక పాత స్టూడియో కటకాన్ని. ఆ ఎంపిక వెనుక పదిహేడేళ్ళ స్టూడియో అనుభవం ఉంది.

బాల్యం

బర్నార్డ్ అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, నాష్‌విల్ నగరంలో జన్మించాడు. ఇతడు పుట్టడానికి కొద్ది నెలల ముందే తండ్రి రూబెన్ బర్నార్డ్ మరణించాడు. తల్లి ఎలిజబెత్ మైనపు పూలు చేసి అమ్మి ఇద్దరు కొడుకులను పోషించింది. అంతర్యుద్ధకాలంలో నాష్‌విల్ సైన్యాల మధ్య నలిగిపోయిన ఊరు. ఆ రోజులలో ఆ కుటుంబం అనుభవించిన పేదరికాన్ని బర్నార్డ్ జీవితాంతం మరచిపోలేదు. ఇతడు బడికి వెళ్ళింది మొత్తం మీద రెండు నెలలే. చదవడం, రాయడం తల్లివద్ద నేర్చుకొన్నాడు.

వేసవి రాత్రులలో ఒక పాత బండి తొట్టెలో వెల్లకిలా పడుకొని ఆకాశాన్ని చూడడం ఆ పిల్లవాడికి అలవాటు. నడినెత్తిన మెరిసే ఒక తెల్లని నక్షత్రాన్ని ఇతడు ఏటేటా గుర్తుపట్టేవాడు. దాని పేరు అభిజిత్ అని, పాశ్చాత్యులు వేగా అంటారని చాలా ఏళ్ళ తరువాతగాని తెలియలేదు.

స్టూడియోలో పదిహేడేళ్ళు

1866లో, తొమ్మిదేళ్ళు నిండకముందే, బర్నార్డ్ నాష్‌విల్‌లోని వాన్ స్టావోరెన్ ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఆ స్టూడియో మిద్దెమీద చిత్రాలను పెద్దవిగా చేసే ఒక భారీ యంత్రం ఉండేది. విద్యుద్దీపాలు లేని ఆ కాలంలో చిత్రాన్ని పెద్దది చేయడానికి సూర్యకాంతే ఆధారం. సూర్యుడు కదులుతున్నకొద్దీ యంత్రాన్ని కూడా అటువైపు తిప్పుతూ ఉండాలి. దాని పరిమాణాన్ని బట్టి ఆ యంత్రానికి జూపిటర్ అని పేరు పెట్టారు. అంతకుముందు ఈ పనికి పెట్టిన కుర్రవాళ్ళు ఎండలో నిద్రపోయేవారట. బర్నార్డ్ మాత్రం రెండు చక్రాలను చేతితో తిప్పుతూ గంటల తరబడి సూర్యుడిని అదుపులో ఉంచేవాడు.

ఈ పనిలో ఉండగానే ఇతడు ఒక విషయం కనిపెట్టాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ, చర్చి గంట కొట్టే పన్నెండు గంటల వేళ ఎప్పుడూ ఒకటి కావు. కొన్ని నెలలలో సూర్యుడు ముందు, కొన్ని నెలలలో వెనుక. ఖగోళ శాస్త్రంలో దీనికి ఒక పేరు ఉన్నదని తెలియకుండానే ఆ తేడాను గమనించాడు. ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆకాశంలో కదిలే వస్తువును యంత్రంతో వెంబడించడం, క్షణం కూడా ఏమరకుండా ఉండడం అనే రెండు విద్యలూ ఇతనికి ఇక్కడే అబ్బాయి. ఇరవయ్యేళ్ళకు పైగా గడిచిన తరువాత పాలపుంత చిత్రాలు తీయడానికి అవసరమైన విద్యలు సరిగ్గా ఇవే.

1883 వరకు, అంటే దాదాపు పదిహేడేళ్ళు, బర్నార్డ్ అదే స్టూడియోలో ఉన్నాడు. యజమానులు మారారు, ఇతడు మారలేదు. అది తడి ఫలకాల కాలం. గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగాలి. మొత్తం పని నిమిషాలలో అయిపోవాలి. ఈ పద్ధతిలో గంటల తరబడి కాంతిని పట్టడం అసాధ్యం. కటకాల గుణదోషాలు, రసాయనాల పాళ్ళు, ముద్రణలో నలుపు తెలుపుల మెట్లు అన్నీ ఇతనికి చేతిపనిగా వచ్చాయి.

1876లో ఒక పరిచయస్థుడు చిన్న అప్పుకు హామీగా ఒక పుస్తకం ఇతని దగ్గర వదిలివెళ్ళాడు. అది థామస్ డిక్ రాసిన ఖగోళ గ్రంథం. దానిలోని నక్షత్ర పటాలను చూసి బర్నార్డ్ తనకు చిన్ననాటి నుంచి తెలిసిన నక్షత్రాల పేర్లు తెలుసుకొన్నాడు. స్టూడియోలో తోటి పనివాడొకడు ఇతనికి ఒక చిన్న దూరదర్శిని అమర్చి ఇచ్చాడు. ఆ మరుసటి ఏడు 380 డాలర్లు పెట్టి ఐదు అంగుళాల వక్రీభవన దూరదర్శిని కొన్నాడు. అది ఇతని ఏడాది సంపాదనలో మూడింట రెండు వంతులు. తల్లిని పోషించవలసిన ఇరవై ఏళ్ళ యువకుడికి అది చిన్న సాహసం కాదు.

1877లో అమెరికా విజ్ఞానశాస్త్ర సంఘం సమావేశం నాష్‌విల్‌లో జరిగినప్పుడు బర్నార్డ్ నాటి ప్రముఖ ఖగోళవేత్త సైమన్ న్యూకోంబ్‌ను కలిసాడు. గణితం రాకపోతే ఖగోళ శాస్త్రంలో సాధించేది ఏమీ ఉండదన్న న్యూకోంబ్ సలహా ఇతడిని బాగా బాధపెట్టింది. అయినా దానిని కొట్టిపారేయక, గణితం చెప్పే వారిని వెతుక్కొని చదువు మొదలుపెట్టాడు.

తోకచుక్కల ఇల్లు

1881లో బర్నార్డ్ తన స్టూడియోలోనే పనిచేసే కాల్వెర్ట్ సోదరుల చెల్లెలు రోడా కాల్వెర్ట్‌ను వివాహం చేసుకొన్నాడు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో ఒక తోకచుక్కను కనుగొన్నాడు. అప్పట్లో రోచెస్టర్ నగరానికి చెందిన మందుల వ్యాపారి వార్నర్, అమెరికాలో కొత్త తోకచుక్కను కనుగొన్నవారికి 200 డాలర్ల బహుమతి ప్రకటించి ఉన్నాడు. ఆ డబ్బుతో బర్నార్డ్ దంపతులు ఇల్లు కట్టడం మొదలుపెట్టారు. అప్పు వాయిదా దగ్గరపడేసరికి మరో తోకచుక్క దొరికేది. ఆ ఇంటికి తోకచుక్కల ఇల్లు అన్న పేరు స్థిరపడింది. జీవితం మొత్తం మీద ఇతడు పదిహేనుకు తక్కువ కాకుండా తోకచుక్కలను కనుగొన్నాడు.

1883లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఇతనికి ఉపకార వేతనం ఇచ్చి, అక్కడి ఆరు అంగుళాల దూరదర్శినిని అప్పగించింది. పగలు విద్యార్థి, రాత్రి పరిశీలకుడు. 1884లో ధనూరాశిలో ఒక మసక మేఘాన్ని కనుగొన్నాడు. అది పాలపుంతకు బయట ఉన్న ఒక చిన్న గెలాక్సీ అని, దానిని ఇప్పుడు బర్నార్డ్ గెలాక్సీ అంటారని ఇతనికి అప్పట్లో తెలిసే అవకాశం లేదు. తరువాతి కాలంలో వాండర్‌బిల్ట్ ఇతనికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది ఇతనికి ఒక్కడికే.

లిక్ పరిశోధనశాల

కాలిఫోర్నియాలోని హామిల్టన్ పర్వతం మీద నిర్మాణంలో ఉన్న లిక్ పరిశోధనశాలలో ఉద్యోగం వస్తుందన్న హామీతో 1887లో బర్నార్డ్ ఇల్లు అమ్ముకొని బయలుదేరాడు. తీరా వెళ్ళేసరికి పరిశోధనశాల ఇంకా విశ్వవిద్యాలయానికి అప్పగించలేదు, జీతం మొదలు కాలేదు. కొన్ని నెలలు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక వకీలు కార్యాలయంలో గుమాస్తాగా కాగితాలు నకలు రాసి పొట్టపోసుకొన్నాడు. 1888 జూన్‌లో లిక్ ప్రారంభమైంది. 36 అంగుళాల వ్యాసం గల దాని వక్రీభవన దూరదర్శిని ఆ రోజున ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది.

చిన్నవాడైన బర్నార్డ్‌కు ఆ పెద్ద దూరదర్శినిని ముట్టుకొనే అవకాశం తొలుత రాలేదు. ఇతనికి 12 అంగుళాల దూరదర్శిని, ఇతర చిన్న పరికరాలు దక్కాయి. పాలపుంత చిత్రాల కథ మొదలైంది ఈ చిన్న పరికరాలతోనే.

విల్లార్డ్ కటకం

లిక్ పరిశోధనశాలకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని విలియం షూ అనే ఫొటోగ్రాఫరు వద్దనుంచి ఒక పాత కటకం వచ్చింది. విల్లార్డ్ అనే అమెరికన్ వ్యాపారి పేరు మీద అమ్ముడుపోయిన ఆ కటకం తడి ఫలకాల కాలం నాటిది. వ్యాసం సుమారు ఆరు అంగుళాలు, నాభ్యంతరం 31 అంగుళాలు. స్టూడియోలో కూర్చొన్న మనిషి కదలకముందే చిత్రం తీయాలంటే ఎక్కువ కాంతి కావాలి. అందుకే దానిని అంత వెడల్పుగా చేసారు. ముఖాల కోసం చేసిన ఈ సదుపాయమే పాలపుంతకు కూడా పనికివచ్చింది.

దీనికి కారణం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నక్షత్రం ఒక చుక్క. దాని కాంతి ఎంత పెద్ద కటకంతో చూసినా ఒక్కచోటే పడుతుంది. కాబట్టి మసక నక్షత్రాలను పట్టడానికి కటకం వ్యాసం ముఖ్యం. నీహారిక అలా కాదు, అది పరచుకొని ఉంటుంది. నాభ్యంతరం పెరిగినకొద్దీ దాని ప్రతిబింబం కూడా పెద్దదై, అదే కాంతి ఎక్కువ చోటుమీద పలచబడుతుంది. అందువల్ల నీహారికల విషయంలో వ్యాసం ఒక్కటే కాక, నాభ్యంతరానికీ వ్యాసానికీ గల నిష్పత్తి లెక్కకు వస్తుంది. లిక్ పెద్ద దూరదర్శిని నాభ్యంతరం 17 మీటర్లకు పైమాటే. దాని నిష్పత్తి 19కి దగ్గర. విల్లార్డ్ కటకానిది ఐదు. పైగా పెద్ద దూరదర్శినిలో చందమామ అంత ఆకాశం కూడా ఒక్కసారి కనబడడం కష్టం. విల్లార్డ్ కటకం అనేక డిగ్రీల ఆకాశాన్ని ఒక్క ఫలకం మీద చూపగలదు. కోట్ల నక్షత్రాల కూడలిని చూపించవలసిన చోట ఈ రెండో గుణం మొదటిదానికంటే విలువైనది. నేటికీ పాలపుంతను ఫొటో తీసేవారు తక్కువ నాభ్యంతరం, ఎక్కువ వెడల్పు ఉన్న కటకాలనే కోరుకొనేది ఇందువల్లనే.

ఈ సమయానికి మార్కెట్టులోకి పొడి ఫలకాలు వచ్చాయి. జెలటిన్ పూసిన ఈ గాజు పలకలను ముందుగా తయారుచేసి పెట్టుకోవచ్చు, గంటల తరబడి కాంతికి తెరచి ఉంచవచ్చు, తీరిక దొరికినప్పుడు కడుక్కోవచ్చు. తడి ఫలకంతో సాధ్యం కానిదంతా ఒక్కసారిగా సాధ్యమైంది.

మూడవ అవసరం వెంబడించడం. భూభ్రమణం వల్ల నక్షత్రాలు పడమరకు జరుగుతూ ఉంటాయి. బరువుతో నడిచే గడియార యంత్రం దూరదర్శినిని వాటి వెంట తిప్పుతుంది గాని, ఆ యంత్రం నడక ఎప్పుడూ సమంగా ఉండదు. దానికితోడు క్షితిజానికి దగ్గరగా వచ్చేకొద్దీ గాలి పొరలు కాంతిని వంచడం వల్ల నక్షత్రం ఉండవలసిన చోట ఉండదు. బర్నార్డ్ మొదట కెమెరాను ఒక చిన్న దూరదర్శినికి కట్టాడు. ఆ దూరదర్శిని చిత్రం తీయడానికి కాదు, కాపలా కాయడానికి. దాని నేత్రకటకంలో సన్నని అడ్డగీతల కూడలి మీద ఒక నక్షత్రాన్ని నిలిపి, అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా మీటతో సరిదిద్దేవాడు. ఇప్పటి ఛాయాగ్రాహకులు ఈ పనిని చిన్న ఎలక్ట్రానిక్ కెమెరాకు, కంప్యూటరుకు అప్పగిస్తారు. బర్నార్డ్ మూడు, నాలుగు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ గంటలు కన్ను తీయకుండా తానే చేసేవాడు. నాష్‌విల్ మిద్దెమీద చక్రాలు తిప్పిన పిల్లవాడికి ఇది కొత్త పని కాదు.

1889 జూలై, ఆగస్టు నెలలలో ధనూరాశి దిక్కుగా మూడు గంటలకు పైగా తెరచి ఉంచిన ఫలకాలను కడిగినప్పుడు, పాలపుంత నిజమైన స్వరూపం మొట్టమొదటిసారి చిత్రంగా కనబడింది. కంటికి పాల మరకలా కనబడేది నక్షత్రాల మేఘాలుగా విడివడింది. ఆ మేఘాల మధ్య నల్లని సందులు, చీలికలు, గుంటలు ఉన్నాయి. తరువాత ఈ కటకాన్ని జాన్ బ్రాషియర్ చేత మళ్ళీ సానబట్టించారు. క్రోకర్ అనే దాత ఇచ్చిన డబ్బుతో దానికి ప్రత్యేకమైన పీఠం ఏర్పడింది. 1892 అక్టోబర్‌లో ఈ కటకం తీసిన ఒక ఫలకం మీద బర్నార్డ్‌కు కొత్త తోకచుక్క దొరికింది. ఛాయాచిత్రం ద్వారా కనుగొన్న తోకచుక్కలలో అదే మొదటిది. తరువాత కనబడకుండా పోయిన ఆ తోకచుక్క 2008లో మళ్ళీ దొరికింది.

బర్నార్డ్ ఖరీదును చూసి పరికరాన్ని ఎంచుకొనేవాడు కాదనడానికి మరో ఉదాహరణ ఉంది. 1894లో ఓరియన్ రాశి మొత్తాన్ని ఒక్క చిత్రంలో చూపడానికి విల్లార్డ్ కటకం కూడా ఇరుకే అయింది. అప్పుడితడు బొమ్మలు చూపించే మాయాలాంతరులోని ఒక చిన్న కటకాన్ని వాడాడు. దాని వ్యాసం సుమారు అంగుళంన్నర. ఆ చిత్రంలో రాశిని చుట్టుకొని ఉన్న ఒక పెద్ద వంపు నీహారిక స్పష్టంగా వచ్చింది. అంతకుముందు పికరింగ్ దానిని చిత్రించి ఉన్నా, బర్నార్డ్ వలయం అన్న పేరే నిలిచింది.

బృహస్పతి ఐదవ ఉపగ్రహం

లిక్ సంచాలకుడు ఎడ్వర్డ్ హోల్డెన్‌కు, బర్నార్డ్‌కు మొదటినుంచీ పడలేదు. పెద్ద దూరదర్శినిపై సమయం గురించి, చిత్రాల ఘనత ఎవరిదన్న దాని గురించి గొడవలు జరిగాయి. బర్నార్డ్ సున్నిత మనస్కుడు, చిన్న మాటకు కూడా నొచ్చుకొనేవాడు. తప్పంతా ఒకరిదే అనడం కష్టం. చివరకు 1892 వేసవిలో వారానికి ఒక రాత్రి, శుక్రవారం, పెద్ద దూరదర్శిని ఇతనికి దక్కింది. అలాంటి ఒక శుక్రవారం, 1892 సెప్టెంబర్ 9న, బృహస్పతి వెలుగుకు ఆనుకొని ఉన్న ఒక చిన్న చుక్కను ఇతడు చూసాడు. 1610లో గెలీలియో నాలుగు ఉపగ్రహాలను చూసిన తరువాత బృహస్పతికి దొరికిన కొత్త ఉపగ్రహం అదే. ఫొటోల సహాయం లేకుండా కేవలం కంటితో దూరదర్శిని ద్వారా కనుగొన్న గ్రహ ఉపగ్రహాలలో చివరిదీ అదే. ఛాయాచిత్రకారుడిగా పేరు పొందినవాడికి ఈ ఘనత దక్కడం విచిత్రమే.

యెర్కీస్ పరిశోధనశాల, బ్రూస్ దూరదర్శిని

1895లో బర్నార్డ్ లిక్‌ను వదిలి షికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు. విస్కాన్సిన్ రాష్ట్రం, విలియమ్స్ బే వద్ద ఆ విశ్వవిద్యాలయం కట్టిన యెర్కీస్ పరిశోధనశాలలో 40 అంగుళాల దూరదర్శిని ఉంది. 1897 మే నెలలో ఒక ఉదయం అక్కడి పైకి కిందికి కదిలే నేల కూలిపోయింది. అంతకు కొద్ది గంటల ముందు వరకు బర్నార్డ్ దాని మీదే ఉన్నాడు.

పెద్ద దూరదర్శినితో కొలతలు తీస్తూనే ఉన్నా ఇతని మనసు విల్లార్డ్ కటకం మీదే ఉంది. అది లిక్‌లో ఉండిపోయింది. ఖగోళ పరిశోధనలకు ఎన్నో విరాళాలిచ్చిన న్యూయార్క్ మహిళ కేథరిన్ వోల్ఫ్ బ్రూస్ 1897లో 7,000 డాలర్లు ఇవ్వడంతో తన ఇష్టప్రకారం ఒక పరికరం చేయించుకొనే అవకాశం వచ్చింది. పరికరం పూర్తయింది మాత్రం 1904లో. ఏడేళ్ళు పట్టడానికి ముఖ్య కారణం బర్నార్డే. కటకం విషయంలో రాజీపడక, రకరకాల కటకాలను పరీక్షించి చూస్తూ పోయాడు. పెద్ద ఫలకం అంచుల దాకా నక్షత్రాలు గుండ్రని చుక్కలుగా రావాలి. ఆ తరహా కటకాలలో ఇది అరుదు. చివరకు బ్రాషియర్ చేసిన పది అంగుళాల కటకం కుదిరింది. నాభ్యంతరం 50 అంగుళాలు. అంటే నిష్పత్తి మళ్ళీ ఐదే. దానితోబాటు అదే పీఠం మీద ఆరుంబాతిక అంగుళాల మరో కటకం, కాపలా కాయడానికి ఐదు అంగుళాల దూరదర్శిని అమర్చారు. పెద్ద కెమెరాకు వాడే ఫలకం 12 అంగుళాల చదరం.

ఒకే పీఠం మీద రెండు కెమెరాలు పెట్టడంలో ఒక లాభం ఉంది. ఫలకం మీద కనబడే మరక నిజంగా ఆకాశంలో ఉన్నదా, లేక రసాయనపు లోపమా అన్నది రెండవ ఫలకాన్ని చూస్తే తేలిపోతుంది. ఇక పీఠం విషయానికి వస్తే, సాధారణమైన పీఠం మీద దూరదర్శిని నడినెత్తి గీతను దాటేటప్పుడు దానిని వెనక్కు తిప్పి మరోవైపు తేవాలి. అలా తిప్పితే చిత్రం మధ్యలో ఆగిపోతుంది. ఆకాశవస్తువు బాగా ఎత్తులో ఉండే మంచి సమయం సరిగ్గా అదే. అందుకే బర్నార్డ్ స్తంభాన్ని వంపుగా కట్టించి, కెమెరాలు దానికి తగలకుండా తూర్పునుంచి పడమరకు ఏకధాటిగా తిరిగేలా చేయించాడు. ఈ పీఠాన్ని తయారుచేసింది వార్నర్ అండ్ స్వాజీ కంపెనీ.

ఈ మధ్యకాలంలో సూర్యగ్రహణ చిత్రాలకోసం 1900లో ఉత్తర కరోలినాకు, 1901లో సుమత్రాకు వెళ్ళాడు. సుమత్రాలో అంతదూరం ప్రయాణం చేసిన తరువాత గ్రహణ సమయానికి మబ్బులు కమ్మాయి.

మౌంట్ విల్సన్‌లో తొమ్మిది నెలలు

కటకం, పీఠం, ఫలకం అన్నీ అమరినా చోటు కుదరకపోతే ప్రయోజనం లేదు. విస్కాన్సిన్ ఉత్తరాన ఉంది. ధనుస్సు, వృశ్చిక రాశుల దగ్గరి పాలపుంత అక్కడినుంచి క్షితిజానికి ఆనుకొని మాత్రమే కనబడుతుంది. జాన్ హుకర్ ఇచ్చిన విరాళంతో, జార్జ్ ఎలరీ హేల్ ఆహ్వానంపై, బర్నార్డ్ 1905లో బ్రూస్ దూరదర్శినిని విడదీసి కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్‌కు తీసుకొనివెళ్ళాడు. సముద్రమట్టానికి 1,700 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ కొండమీద జనవరి నుంచి సెప్టెంబర్ వరకు ఉన్నాడు. దాదాపు నిద్రలేకుండా పనిచేసాడని తోటివారు చెప్పుకొనేవారు. తరువాత ఇతని ప్రసిద్ధ అట్లాసులో చోటు చేసుకొన్న 50 చిత్రాలలో 40 ఈ కొద్ది నెలలలో తీసినవే. మిగిలిన పదింటికి యెర్కీస్‌లో ఏళ్ళు పట్టాయి. గడ్డకట్టే చలిలో, వెచ్చదనం ఏమాత్రం లేని గుమ్మటం కింద ఆ ఏళ్ళన్నీ గడిచాయి. వెచ్చబెడితే గాలి కదిలి ప్రతిబింబం చెదురుతుంది కాబట్టి మరో మార్గం లేదు.

చీకటి మచ్చలు

1889 నాటి మొదటి చిత్రాలనుంచే పాలపుంతలోని నల్లని మచ్చలు బర్నార్డ్‌ను వెంటాడాయి. అవి నక్షత్రాలు లేని ఖాళీలా, లేక వెనుక ఉన్న నక్షత్రాలను కప్పుతున్న పదార్థమా? విలియం హెర్షెల్ కాలం నుంచి వాటిని ఖాళీలుగానే భావించేవారు. బర్నార్డ్ కూడా చాలాకాలం అలాగే అనుకొన్నాడు. తన చిత్రాలే తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్నా, అభిప్రాయం మార్చుకోవడానికి ఇతనికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. జర్మనీలో మాక్స్ వోల్ఫ్ ఇదే తరహా చిత్రాలు తీస్తూ ఇదే ప్రశ్నతో కుస్తీపడుతున్నాడు.

1913 వేసవిలో చంద్రుడు లేని ఒక నిర్మలమైన రాత్రి దక్షిణపు పాలపుంతను చిత్రిస్తుండగా, చిన్న చిన్న మబ్బు తునకలు ఆకాశంలోకి వచ్చాయి. పాలపుంత వెలుగు ముందు అవి సిరా చుక్కల్లా నల్లగా కనబడ్డాయి. తన ఫలకాల మీది మచ్చలకు, వీటికి ఉన్న పోలిక బర్నార్డ్ మనసులో బలంగా నాటుకొంది. 1916లో ఈ సంగతిని వ్యాసంగా రాసాడు. 1919లో 182 చీకటి వస్తువుల జాబితాను ప్రకటించాడు. అన్నీ కాకపోయినా వాటిలో చాలావరకు కాంతిని అడ్డగించే నల్లని మేఘాలేనన్న అభిప్రాయానికి అప్పటికి వచ్చాడు. ఓరియన్‌లోని గుర్రపుతల నీహారిక ఈ జాబితాలో 33వది. ఇతని మరణానంతరం విస్తరించిన జాబితాలోని సంఖ్యలు 370 వరకు వెళ్ళాయి. నక్షత్రాల మధ్య ధూళి ఉందని, అది కాంతిని తగ్గిస్తుందని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ రుజువు చేసాడు. ఆ నల్లని మేఘాల లోపలే కొత్త నక్షత్రాలు పుడతాయన్నది ఆ తరువాత తెలిసిన విషయం.

వేగంగా కదిలే నక్షత్రం

పాత ఫలకాలను జాగ్రత్తగా దాచుకోవడం బర్నార్డ్‌కు స్టూడియో రోజులనుంచి అలవాటు. 1916లో తీసిన ఒక ఫలకాన్ని 1894లో లిక్‌లో తీసిన ఫలకంతో పోల్చినప్పుడు ఒక మసక నక్షత్రం చోటు మారినట్లు కనబడింది. దాని కదలిక ఏడాదికి 10.3 ఆర్క్ సెకండ్లు. అంటే సుమారు 180 సంవత్సరాలలో చందమామ వెడల్పంత దూరం జరుగుతుంది. తెలిసిన నక్షత్రాలలో ఇదే అత్యధికం. భూమికి ఆరు కాంతిసంవత్సరాల దూరంలో ఉన్న ఈ చిన్న ఎర్ర నక్షత్రాన్ని బర్నార్డ్ నక్షత్రం అంటారు. దాని చుట్టూ గ్రహాలున్నాయని 20వ శతాబ్దంలో వచ్చిన ఒక వాదన నిలబడలేదు. 2024లో ఒక చిన్న గ్రహం, 2025లో మొత్తం నాలుగు గ్రహాలు ఉన్నట్లు శాస్త్రవేత్తలు ప్రకటించారు.

అట్లాస్, చివరి రోజులు

చిత్రాలు తీయడం ఒక ఎత్తు, వాటిని పుస్తకంగా అచ్చువేయడం మరో ఎత్తు అయింది. ఆ రోజుల అచ్చు పద్ధతులలో ఏదీ పాలపుంతలోని సున్నితమైన ఛాయలను యథాతథంగా చూపలేకపోయింది. 1892-95 మధ్య లిక్‌లో తీసిన చిత్రాలే 1913 వరకు గ్రంథంగా వెలువడలేదు. ఒక నమూనా వస్తుంది, బర్నార్డ్ తిప్పిపంపుతాడు. ఈ పట్టుదలను మెచ్చుకొన్నవారు ఉన్నారు, విసుగు చెందినవారూ ఉన్నారు. శాస్త్రానికి ఈ జాప్యం నష్టమే కలిగించిందని చెప్పక తప్పదు.

బ్రూస్ దూరదర్శిని చిత్రాల విషయంలో ఇతడు అచ్చునే వదిలివేసాడు. కార్నెగీ సంస్థ సహాయంతో, ప్రతి ప్రతిలోనూ నిజమైన ఫొటోగ్రాఫులనే అతికించాలని నిర్ణయించాడు. 700 ప్రతులకు కలిపి 35,700 ఫొటోలు తీయించి, వాటిని ఒక్కొక్కటిగా తానే చూసి, నచ్చనివాటిని తీసివేసాడు. ఫొటోలు సిద్ధమైనా వాటికి రాయవలసిన వివరణలు, పటాలు మిగిలిపోయాయి.

1914లో ఇతనికి మధుమేహం ఉన్నట్లు బయటపడింది. ఇన్సులిన్ ఇంకా రాని రోజులు. వైద్యులు కొంతకాలం రాత్రి పరిశీలనలు మాన్పించారు. ఇతడు ఎక్కువకాలం మానలేదు. 1921లో భార్య రోడా మరణించింది. వారికి సంతానం లేదు. 1923 ఫిబ్రవరి 6న బర్నార్డ్ విలియమ్స్ బేలోని తన ఇంట్లో కన్నుమూసాడు. నాష్‌విల్‌లో భార్య పక్కన సమాధి చేసారు.

రోడా మేనకోడలు మేరీ కాల్వెర్ట్ చాలాకాలంగా యెర్కీస్‌లో ఇతనికి సహాయకురాలు. ఆమె, సంచాలకుడు ఎడ్విన్ ఫ్రాస్ట్ కలిసి మిగిలిన పటాలను, వివరణలను పూర్తిచేసారు. పాలపుంతలోని ఎంపికచేసిన ప్రాంతాల ఛాయాచిత్ర అట్లాస్ 1927లో వెలువడింది.

బర్నార్డ్‌కు ఫ్రెంచి అకాడెమీ లలాండ్, జాన్సెన్ బహుమతులు, 1897లో బ్రిటిష్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్వర్ణ పతకం లభించాయి. 1917లో ఇతడు అందుకొన్న బ్రూస్ పతకాన్ని స్థాపించింది కూడా ఇతని కెమెరాకు డబ్బిచ్చిన కేథరిన్ బ్రూసే. చంద్రునిమీద ఒకటి, అంగారకుని మీద ఒకటి బిలాలకు ఇతని పేరు ఉంది.